మురుగునీటిలో కరిగిన ఆక్సిజన్‌ను ఎలక్ట్రోకెమికల్ సెన్సరుతో కొలవడం: హైదరాబాద్ ఎస్‌టీపీలకు సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో 30 డిగ్రీల సెల్సియస్ ఉన్న మంచినీటిలో గాలి నుంచి కరగగలిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.1 మిల్లీగ్రాములు. నేను ఒకసారి చూసిన అపార్టుమెంటు సముదాయపు ఎస్‌టీపీ, అంటే మురుగునీటి శుద్ధి కేంద్రం, లాగ్‌బుక్కులో మాత్రం మే నెల పొడవునా ఏరేషన్ ట్యాంకు (మురుగుకు గాలి పట్టించే తొట్టి) గడిలో 8.2, 8.4, 8.3 అని రాసి ఉంది. బురదలోని సూక్ష్మజీవులు క్షణక్షణం ఆక్సిజన్‌ను తినేస్తున్న ట్యాంకులో, అసలు కరగగలిగిన దానికంటే ఎక్కువ ఆక్సిజన్ ఉందని రాయడమంటే చిల్లుకుండ నిండి పొర్లుతోందని రాయడమే. సెన్సరు విప్పి చూస్తే దాని కొనలోని పలుచని పొర, మెంబ్రేన్, చిరిగి ఉంది. ఎన్నాళ్ల క్రితం చిరిగిందో అక్కడ ఎవరికీ తెలియదు.

ఆపరేటరును తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అతనికి మీటరు వాడటం నేర్పారు గానీ, ఆ మీటరు ఏమి కొలుస్తుందో ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఈ మార్గదర్శి అక్కడినుంచే మొదలవుతుంది. ఇకపై అంకె పక్కన ప్రమాణం చెప్పని చోట లీటరుకు మిల్లీగ్రాములు అని గ్రహించాలి.

సెన్సరు లోపల జరిగేది

ఈ సెన్సరు ఆక్సిజన్‌ను నేరుగా లెక్కపెట్టదు. ఆక్సిజన్ వల్ల తన లోపల పుట్టే విద్యుత్ ప్రవాహాన్ని కొలుస్తుంది. దాని కొనలో రెండు లోహపు ఎలక్ట్రోడ్లు ఒక ఉప్పు ద్రావణంలో, అంటే ఎలక్ట్రోలైట్‌లో, మునిగి ఉంటాయి. ఆ ద్రావణానికీ బయటి మురుగునీటికీ మధ్య టెఫ్లాన్ వంటి పదార్థంతో చేసిన, మైక్రాన్లలో కొలిచేంత పలుచని మెంబ్రేన్ ఉంటుంది. ఆ పొర నీటినీ లవణాలనూ ఆపి, ఆక్సిజన్ వంటి వాయువులను మాత్రం లోపలికి వదులుతుంది. లోపలికి చేరిన ప్రతి ఆక్సిజన్ అణువూ క్యాథోడ్ అనే ఎలక్ట్రోడ్ దగ్గర నాలుగు ఎలక్ట్రాన్లను తీసుకుని, నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రెండవ ఎలక్ట్రోడైన యానోడ్ నుంచి వస్తాయి, కాబట్టి తీగలో ప్రవహించే కరెంటు లోపలికి వచ్చిన ఆక్సిజన్‌కు అనుపాతంలో ఉంటుంది. రక్తంలోని ఆక్సిజన్‌ను కొలవడానికి అమెరికా శాస్త్రవేత్త లీలాండ్ క్లార్క్ రూపొందించి 1956లో ప్రచురించిన ఎలక్ట్రోడే దీనికి మూలం.

ఇందులోంచి మూడు సంగతులు పుడతాయి. పనిలో ఎదురయ్యే తిప్పలన్నీ దాదాపు వీటి సంతానమే. మొదటిది, సెన్సరుకు తెలిసేది మెంబ్రేన్ బయట ఆక్సిజన్ చూపే పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటా, మాత్రమే. దానిని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని మార్చేది మీటరులోని పట్టిక, ఆ పట్టికకు ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం, ఉప్పదనం సరిగ్గా అందితేనే అంకె సరిగ్గా వస్తుంది. రెండవది, సెన్సరు తాను కొలిచే ఆక్సిజన్‌ను తానే తినేస్తుంది, అందువల్ల మెంబ్రేన్ ముందు నీరు కదలకపోతే అక్కడ ఆక్సిజన్ తరిగిపోయి అంకె పడిపోతుంది. మూడవది, మెంబ్రేన్ గుండా ఆక్సిజన్ దూరే వేగం ఉష్ణోగ్రతతోపాటు డిగ్రీకి సుమారు 3 శాతం చొప్పున పెరుగుతుంది, అందుకే సెన్సరులో ఉష్ణోగ్రతను కొలిచే థర్మిస్టర్ కూడా ఉంటుంది. ఆ థర్మిస్టర్ ఒక డిగ్రీ తప్పు చూపితే ఆక్సిజన్ అంకె కూడా కొన్ని శాతాలు తప్పుతుంది. కాబట్టి ఆరు నెలలకొకసారి నమ్మకమైన థర్మామీటరును సెన్సరు పక్కనే బకెట్ నీటిలో ఉంచి రెండింటినీ పోల్చి చూడటం మంచిది.

పోలరోగ్రాఫిక్, గాల్వానిక్

ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు రెండు రకాలు. పోలరోగ్రాఫిక్ రకంలో బంగారం లేదా ప్లాటినం క్యాథోడ్, వెండి యానోడ్, పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఉంటాయి. వీటికి మీటరు బయటినుంచి సుమారు 0.6 నుంచి 0.8 వోల్టుల వోల్టేజీ ఇస్తుంది. కొత్త ద్రావణం నింపినా, కరెంటు ఆగి వచ్చినా ఇది మళ్లీ స్థిరపడటానికి సమయం పడుతుంది. చేతి మీటర్లకు పది, పదిహేను నిమిషాలు చాలవచ్చు గానీ కొత్త మెంబ్రేన్ వేసిన ఆన్‌లైన్ సెన్సరుకు కొన్ని గంటలు కావాలి. గాల్వానిక్ రకంలో క్యాథోడ్ సాధారణంగా వెండితో, యానోడ్ జింక్‌తో లేదా సీసంతో ఉంటాయి. ఆ రెండు లోహాల మధ్య తేడాయే బ్యాటరీలా పనిచేసి కావలసిన వోల్టేజీని పుట్టిస్తుంది కాబట్టి బయటి విద్యుత్తు అక్కరలేదు, వేడెక్కే సమయమూ అక్కరలేదు. అయితే మీటరుకు కలిపినా కలపకపోయినా యానోడ్ కొద్దికొద్దిగా అరుగుతూనే ఉంటుంది.

ఈదురుగాలుల వానకు కరెంటు పోయి, జనరేటరు అందుకునేలోపు ప్యానెల్ ఆగిపోయే చోట గాల్వానిక్ సెన్సరే మేలని నా అభిప్రాయం. పోలరోగ్రాఫిక్ సెన్సరు ఉన్నచోట కరెంటు వచ్చిన వెంటనే కనిపించే అంకెను చూసి, ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ వేగం మార్చకూడదు. కాంతితో కొలిచే ఆప్టికల్ సెన్సర్లకు ద్రావణం, నీటి కదలిక అక్కరలేదు, వాటి వాడకం పెరుగుతోంది కూడా. అయినా తక్కువ ధరలో దొరికే ఎలక్ట్రోకెమికల్ సెన్సరును శ్రద్ధగా చూసుకునేవారు ఉంటే దానిని మార్చాల్సిన తొందరేమీ లేదు. శ్రద్ధ లేనిచోట మాత్రం ఆప్టికల్ సెన్సరు పెట్టడమే చౌక.

సిద్ధం చేయడం

మెంబ్రేన్ క్యాపు, అంటే మెంబ్రేన్ బిగించి ఉన్న మూత, మార్చే పనిని గాలి వీచని గదిలో, శుభ్రమైన బల్ల మీద చేయాలి. ట్యాంకు కటకటాల మీద చేయకూడదు. చేతులకు గ్లవ్స్ వేసుకుని, పాత క్యాపు విప్పి, పాత ద్రావణాన్ని ఒక సీసాలోకి వంపాలి. సీసం యానోడ్ ఉన్న సెన్సరు ద్రావణాన్ని సింకులో పారబోయకుండా ప్రమాదకర వ్యర్థాల కింద వేరుగా భద్రపరచాలి. ఎలక్ట్రోడ్లను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి క్యాథోడ్‌ను వెలుతురులో చూడాలి. అది మసకబారి ఉంటే, లేక దానిమీద వెండి పూతలా పేరుకుని ఉంటే, తయారీదారు ఇచ్చిన మెత్తని రాపిడి కాగితంతో రెండు మూడుసార్లు తేలికగా రుద్దాలి. హార్డ్‌వేర్ దుకాణంలోని గరుకు కాగితం వాడితే క్యాథోడ్ మీద గీతలు పడి సెన్సరు ఎప్పటికీ స్థిరపడదు.

కొత్త క్యాపులో ద్రావణం నింపిన తరువాత వేలిగోటితో పక్కల మెల్లగా తట్టితే బుడగలు పైకి వస్తాయి. క్యాపును నిలువుగా పట్టుకుని, కొంచెం ద్రావణం పొంగి బయటికి వచ్చేలా నెమ్మదిగా బిగించాలి. తొందరపడి బిగిస్తే లోపలి పీడనానికి మెంబ్రేన్ ఉబ్బి సాగుతుంది. బిగించాక పొర బిగుతుగా, ముడతల్లేకుండా, కింద బుడగ కనిపించకుండా ఉండాలి. ఒక్క చిన్న బుడగ ఉన్నా అంకె పైకీ కిందికీ ఊగుతుంది, కాబట్టి మళ్లీ విప్పి నింపడమే దారి. ఆ తరువాత సెన్సరును మీటరుకు కలిపి, రకాన్ని బట్టి స్థిరపడనివ్వాలి. కొత్తగా వేసిన పొర మొదటి రోజు కొంచెం సాగుతుంది, అందుచేత మరునాడు మరోసారి కాలిబ్రేట్ చేయడం, అంటే తెలిసిన విలువతో మీటరు అంకెను సరిచేయడం, నా అలవాటు.

సున్నా పరీక్ష

చాలామంది వదిలేసే మెట్టు ఇది. అర లీటరు నీటిలో సుమారు పది గ్రాముల సోడియం సల్ఫైట్ కరిగిస్తే అది నీటిలోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. చిటికెడు కోబాల్ట్ క్లోరైడ్ వేస్తే ఆ పని త్వరగా జరుగుతుంది, అయితే అది విషపదార్థం కాబట్టి ల్యాబులో, గ్లవ్స్‌తోనే వాడాలి. ద్రావణాన్ని చిన్న మూతి ఉన్న సీసాలో గాలి చొరబడకుండా ఉంచి సెన్సరును ముంచితే కొన్ని నిమిషాలలో అంకె 0.1 కంటే కిందికి రావాలి. రాకపోతే మెంబ్రేన్ చిరిగి ఉండవచ్చు, ద్రావణం పాతబడి ఉండవచ్చు, క్యాథోడ్ మురికిపట్టి ఉండవచ్చు. లోపం వెతకకుండా మీటరులోని బటన్ నొక్కి ఆ అంకెను సున్నా చేసేస్తే జబ్బును కప్పిపుచ్చినట్టే అవుతుంది. నేను మొదట చెప్పిన లాగ్‌బుక్కు ఉన్నచోట ఈ పరీక్ష ఒక్కటి చేసి ఉంటే ఆ చిరుగు ఆ రోజే బయటపడేది. పరీక్ష అయ్యాక సెన్సరును మంచినీటితో బాగా కడగాలి. సల్ఫైట్ అంటుకుని ఉంటే తరువాతి కాలిబ్రేషన్ చెడిపోతుంది.

గాలిలో కాలిబ్రేషన్: హైదరాబాద్ ఎత్తు, హైదరాబాద్ ఎండ

ఇక్కడ నిదానించాలి, ఎందుకంటే ఈ నగరంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ మెట్టులోనే జరుగుతాయి.

నీటి ఆవిరితో నిండిన గాలిలో ఆక్సిజన్ పాక్షిక పీడనం, అదే ఉష్ణోగ్రతలో గాలితో సంతృప్తమైన నీటిలో ఉన్నంతే ఉంటుంది. అందువల్ల సెన్సరును నీటిలో ముంచకుండా తడి గాలిలో ఉంచి, పట్టికలోని సంతృప్త విలువను, అంటే ఆ ఉష్ణోగ్రతలో నీటిలో గాలి నుంచి కరగగలిగినంత ఆక్సిజన్‌ను, దానికి నేర్పవచ్చు. అయితే పాఠ్యపుస్తకాలలోని పట్టిక సముద్రమట్టానికి సంబంధించినది. అందులో 20 డిగ్రీల దగ్గర 9.09, 25 దగ్గర 8.26, 30 దగ్గర 7.56, 35 దగ్గర 6.95 అని ఉంటుంది. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున, శంషాబాద్ విమానాశ్రయం 617 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మూసీ ఒడ్డున ఉన్న ప్లాంట్లు బేగంపేట కంటే కొంత పల్లంలో ఉంటాయి. సుమారు 530 మీటర్ల ఎత్తున అసలు వాతావరణ పీడనం 1013 మిల్లీబార్లు కాదు, 950కి అటూఇటూగా ఉంటుంది. పాదరసపు కొలతలో అది దాదాపు 713 మిల్లీమీటర్లు. చలికాలంలో ఇది కొన్ని మిల్లీబార్లు పెరిగి, వేసవిలో కొన్ని తగ్గుతుంది. ఆ పీడనంలో పై పట్టిక అంకెలు 20 డిగ్రీలకు 8.5, 25కు 7.7, 30కి 7.1, 35కు 6.5గా మారతాయి. ఈ నాలుగు అంకెలను ఒక అట్టముక్క మీద రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించుకోవడం కంటే చౌకైన మేలు ఈ పనిలో మరొకటి లేదు.

పీడనం ఎక్కడ తెలుసుకోవాలన్నది తరువాతి చిక్కు. మొబైల్ ఫోనులోని వాతావరణ యాప్ హైదరాబాద్‌కు 1008 అనో 1012 అనో చూపుతుంది. అది అబద్ధం కాదు గానీ, వేర్వేరు ఊళ్లను పోల్చడానికి వీలుగా సముద్రమట్టానికి సరిచేసిన అంకె అది. దానినే మీటరుకు ఇస్తే మీ కొలతలన్నీ 6 శాతానికి పైగా ఎక్కువగా వస్తాయి. బేగంపేట ఎత్తున్న చోట యాప్ అంకెలోంచి 60 మిల్లీబార్లు తీసివేస్తే అసలు పీడనానికి దగ్గరగా వస్తుంది. మీ ప్లాంటు ఎత్తు వేరైతే ప్రతి పది మీటర్లకూ సుమారు ఒక మిల్లీబారు చొప్పున సర్దుకోవాలి. మీటరులోనే బారోమీటరు ఉంటే ఈ గొడవే లేదు. ఉందో లేదో తెలియకపోతే మీటరు మెనూలో పీడనం చూడండి. అక్కడ 1013 అని గానీ 760 అని గానీ కదలకుండా కూర్చుని ఉంటే, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంకెను ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదని అర్థం.

శాతాలలో చూపే మీటర్లతో ఇంకొక తికమక ఉంది. కొన్ని మీటర్లు ఏ ఊరిలో ఉంటే ఆ ఊరి సంతృప్తతను 100 శాతంగా తీసుకుంటాయి. మరికొన్ని సముద్రమట్టపు పీడనాన్నే 100గా తీసుకుంటాయి కాబట్టి, వాటిలో ఇక్కడ సరైన కాలిబ్రేషన్ తరువాత కనిపించవలసినది 94 శాతం. ఆ 94ను చూసి సెన్సరు చెడిపోయిందనుకుని బలవంతంగా 100కు తిప్పిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక ఎండ సంగతి. గాలిలో కాలిబ్రేషన్ అంటే సెన్సరును బయట ఆరుబయట పట్టుకోవడం కాదు. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడిలో, తేమ 25 శాతం ఉన్న పొడిగాలిలో ఆక్సిజన్ పాక్షిక పీడనం తడిగాలిలో కంటే సుమారు 6 శాతం ఎక్కువ. ఆ పొడిగాలినే సంతృప్తమని సెన్సరుకు నేర్పితే తరువాత ట్యాంకులో అది 6 శాతం తక్కువ చూపుతుంది. పీడనం తప్పు వల్ల పైకి, పొడిగాలి వల్ల కిందికి పోయి, రెండు తప్పులూ ఒకదానినొకటి కప్పుకుని వేసవిలో అంకెలు సరిగ్గా ఉన్నట్టు కనిపించడం, వానలు పడగానే మళ్లీ తేడా రావడం కూడా జరుగుతుంది. ఇటువంటి చోట ఆపరేటరు వానను నిందిస్తాడు.

కాబట్టి ఇలా చేయాలి. సెన్సరును కడిగి, మెంబ్రేన్ మీది నీటి బొట్టును మెత్తని టిష్యూతో ఒత్తి తీయాలి, రుద్దకూడదు. బొట్టు మిగిలితే అంకె నిలకడగా ఉండదు. కాలిబ్రేషన్ గొట్టం ఉంటే అందులో తడి స్పాంజి పెట్టాలి. లేకపోతే 300 మిల్లీలీటర్ల బీఓడీ బాటిల్‌లో (నీటి పరీక్షలకు వాడే గాజు సీసాలో) రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, నీటికి తగలకుండా సెన్సరును వేలాడదీసి, మూతి దగ్గర తడి గుడ్డ చుట్టాలి. గాలి పూర్తిగా మూసుకుపోకూడదు, లోపలి పీడనం బయటితో సమానంగా ఉండాలి. దానిని నీడలో, గది లోపల, ఉష్ణోగ్రత అంకె కదలకుండా నిలిచేవరకు, అంటే కనీసం పది పదిహేను నిమిషాలు ఉంచాలి. ఎండలో కాలిన స్టీలు ఒంటితో ఉన్న సెన్సరులో థర్మిస్టర్ ఒక ఉష్ణోగ్రతను, మెంబ్రేన్ మరొక ఉష్ణోగ్రతను చూస్తాయి. రెండూ ఒకటయ్యాకే కాలిబ్రేట్ బటన్ నొక్కాలి. నొక్కిన తరువాత కనిపించే అంకెను ప్యానెల్ తలుపు మీది పట్టికతో సరిపోల్చాలి. మీటరు స్లోప్‌ను, అంటే సెన్సరు ఎంత చురుగ్గా స్పందిస్తోందో తెలిపే అంకెను, చూపేదైతే దానిని కూడా రాసుకోవాలి, ఎందుకంటే వారం వారం స్లోప్ దిగజారుతూ ఉంటే క్యాపు మార్చే రోజు దగ్గరపడినట్టు.

రోజూ కాలిబ్రేట్ చేయడం శ్రద్ధ అనిపించుకోదు. ట్యాంకులోంచి తీసి, కడిగి, తుడిచి, తడిగాలిలో ఉంచి చూడండి. రావలసిన అంకెకు 5 శాతం లోపు ఉంటే ముట్టుకోకుండా తిరిగి దించండి. ఊరికే తిప్పుతూ ఉంటే ప్రతిసారీ చేసే చిన్న పొరపాటు సెన్సరు లెక్కలో చేరిపోతుంది.

ఉప్పదనం

ఇళ్ల మురుగునీటికి ఈ సవరణను పట్టించుకోనక్కరలేదు. పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారం వంటి చోట్ల మందుల పరిశ్రమల వ్యర్థజలాలలో లీటరుకు పది గ్రాముల లవణం ఉంటే మాత్రం సంతృప్త విలువ 5 శాతానికి మించి తగ్గుతుంది. లీటరుకు ఒక్కో గ్రాము లవణానికి సుమారు అర శాతం పైచిలుకు తగ్గుదల అని గుర్తుపెట్టుకుంటే చాలు. మెంబ్రేన్‌కు లవణం కనిపించదు కాబట్టి ఈ తేడా సెన్సరు తనంతట తాను చెప్పదు, మీటరుకు మనమే ఇవ్వాలి. కాలిబ్రేషన్ చేసేటప్పుడు ఉప్పదనం సున్నా ఉంచి, ట్యాంకులో కొలిచేటప్పుడు అసలు విలువ ఇవ్వాలా, లేక మీటరే ఆ పని చేసుకుంటుందా అన్నది మాన్యువల్‌లో చూడాలి.

ట్యాంకులో ఎక్కడ, ఎలా దించాలి

ముందు సెన్సరు పెట్టకూడని చోట్లు చెప్పుకోవాలి. మురుగు వచ్చి చేరే ఇన్లెట్ సంపులో ఆక్సిజన్ దాదాపు సున్నా. పైగా పొడవాటి పైపులలో కుళ్లిన మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మెంబ్రేన్‌ను దాటి, వెండి యానోడ్ మీద నల్లటి సల్ఫైడ్ పొరను కట్టిస్తుంది. అక్కడ పెట్టిన సెన్సరు వారాలలో పాడవుతుంది. అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ (రోజుకు మిలియన్ లీటర్లు) ప్లాంటు మాదిరిగా, గాలి లేకుండా మురుగును శుద్ధి చేసే యూఏఎస్‌బీ పద్ధతిలో నడిచే రియాక్టరులోనూ ఆక్సిజన్‌కు పని లేదు. ఆ తరువాత గాలి పట్టించే దశలో మాత్రమే ఈ కొలత అవసరం. క్లోరిన్ కలిపిన నీటిలోనూ పెట్టకూడదు, క్లోరిన్ మెంబ్రేన్‌ను దాటి ఆక్సిజన్ వేషం వేసుకుంటుంది.

ఏరేషన్ ట్యాంకులో సెన్సరును, అడుగునుంచి గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లకు సరిగ్గా పైన పెడితే బుడగలు మెంబ్రేన్‌కు అంటుకుని అంకె ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది. మూలల్లో పెడితే నీరు కదలక అంకె పడిపోతుంది. నీటి మట్టానికి అర మీటరు నుంచి మీటరు లోతున, బుడగల స్తంభానికి కొంచెం ఎడంగా, నీరు సెకనుకు సుమారు 30 సెంటీమీటర్ల వేగంతో కదిలే చోట, కొన సుమారు 45 డిగ్రీలు వాలి ఉండేలా పెట్టడం మంచిది. వాలుగా ఉంటే బుడగ పొర మీద నిలవకుండా జారిపోతుంది. పొడవుగా ఒకవైపునుంచి మరోవైపుకు నీరు పారే ట్యాంకులో మొదట్లో ఆక్సిజన్ తక్కువగా, చివర్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి మూడింట రెండు వంతుల దూరంలో పెడితే బ్లోయరుకు సరైన సంకేతం అందుతుంది. హైదరాబాద్‌లో ఇటీవల కట్టిన ఎస్‌టీపీలలో విరివిగా కనిపించే ఎస్‌బీఆర్ ట్యాంకులలో (నింపడం, గాలి పట్టించడం, తేర్చి తీయడం అన్నీ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరిగేవి) నీటి మట్టం ప్రతి చక్రంలోనూ దిగుతుంది. అక్కడ సెన్సరు కొన, నీరు తీసివేసిన తరువాతి కనిష్ఠ మట్టానికి కింద, అడుగున పేరుకునే బురద మట్టానికి పైన ఉండాలి. గాలిలో తేలిన సెన్సరు 7 చూపిస్తే బ్లోయర్ దాన్ని నమ్మి ఆగిపోతుంది.

పైపును గోడకు శాశ్వతంగా బిగించేయకుండా, ఒక మనిషి నిలబడిన చోటినుంచి పైకి లాగగలిగే ఏర్పాటు ఉండాలి. లాగడం కష్టమైన సెన్సరును ఎవరూ కడగరు. ఏరేషన్ ట్యాంకులో బుడగలు నిండిన నీరు మామూలు నీరంత తేల్చదు, ఈత వచ్చినవారు కూడా మునిగిపోవచ్చు. కటకటాల అవతలికి వంగి పనిచేయకూడదు, ఒంటరిగా అసలే వెళ్లకూడదు.

బకెట్లో తెచ్చి కొలవడం

ట్యాంకు నీటిని బకెట్లో తోడి, ల్యాబుకు తీసుకెళ్లి చేతి మీటరుతో కొలవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. లెక్క చూడండి. చురుకైన బురద గంటకు లీటరుకు 30 మిల్లీగ్రాముల ఆక్సిజన్ తింటుంటే నిమిషానికి అర మిల్లీగ్రాము తిన్నట్టు. ట్యాంకులో 2 ఉన్న నీరు రెండు నిమిషాలలో 1కి, నాలుగు నిమిషాలలో సున్నాకు వస్తుంది. మెట్లు దిగేలోపు నమూనా మారిపోయింది. కాబట్టి చేతి మీటరుతోనైనా సెన్సరును తాడుతో ట్యాంకులోకే దించి, నీరు కదలని చోటైతే దానిని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ, అంకె నిలిచేవరకు ఒకటి రెండు నిమిషాలు ఆగి చదవాలి.

అదే బకెట్ నీరు మరొక పనికి మాత్రం బాగా ఉపయోగపడుతుంది. ట్యాంకు నీటిని సీసాలో బాగా కుదిపి ఆక్సిజన్ పట్టించి, బీఓడీ బాటిల్ నిండా పోసి, గాలి బుడగ లేకుండా సెన్సరును దించి, అయస్కాంతపు స్టిర్రర్ మీద తిప్పుతూ అర నిమిషానికొకసారి అంకె రాసుకోవాలి. ఐదు నిమిషాలలో 5.5 నుంచి 2.5కు వస్తే గంటకు 36 మిల్లీగ్రాముల వినియోగం అన్నమాట. బురదలోని సేంద్రియ ఘనపదార్థం లీటరుకు 2.4 గ్రాములైతే గ్రాముకు గంటకు 15 మిల్లీగ్రాములు, ఇది ఆరోగ్యంగా ఉన్న బురద లక్షణం. ఈ అంకె ఒక్కరోజులో సగానికి పడిపోతే ట్యాంకులోకి ఏదో విషపదార్థం వచ్చిందేమోనని అనుమానించాలి.

వింక్లర్ పరీక్షతో సరిచూడటం

హంగరీకి చెందిన లాయోష్ వింక్లర్ 1888లో వివరించిన టైట్రేషన్ పద్ధతి, అంటే రసాయన ద్రావణాన్ని కొలిచి కలుపుతూ ఆక్సిజన్ లెక్కకట్టే పద్ధతి, ఇప్పటికీ సెన్సరుకు గురువే. నెలకొకసారి దీనితో సరిచూసుకోవాలి. ఏరేషన్ ట్యాంకు నీటితో నేరుగా చేస్తే బురద అడ్డుపడుతుంది కాబట్టి శుభ్రమైన నీటితో పోల్చడం తేలిక. కుళాయి నీటిలోని క్లోరిన్ రెండు పద్ధతులనూ తప్పుదారి పట్టిస్తుంది, అందుకని ముందురోజే బకెట్లో పట్టి ఉంచి, మరునాడు చేపల తొట్టి పంపుతో గాలి పట్టించాలి. పంపు ఆపి, బుడగలు తేలాక 300 మిల్లీలీటర్ల బాటిళ్లు మూడు నింపి, ఒక్కొక్క దానిలో మాంగనీస్ సల్ఫేట్ ఒక మిల్లీలీటరు, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ ఒక మిల్లీలీటరు కలిపి, అవక్షేపం దిగాక సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించాలి. 201 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే, ఖర్చయిన మిల్లీలీటర్లే నేరుగా లీటరుకు మిల్లీగ్రాముల ఆక్సిజన్. పిండి ద్రావణాన్ని రంగు లేత పసుపుకు దిగాకే వేయాలి. సెన్సరు అదే బకెట్లో చూపిన అంకె దీనికి 0.3 లోపు ఉంటే సరిపోతుంది.

అంకె తప్పితే గాలి ఎంత వృథా

ఇంత శ్రమ దేనికని అడిగేవారికి ఒక లెక్క. ఎస్‌టీపీ కరెంటు బిల్లులో సగమో అంతకంటే ఎక్కువో బ్లోయర్లదే. నీటిలోకి ఆక్సిజన్ దిగే వేగం సంతృప్త విలువకూ ట్యాంకులోని విలువకూ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. ఇక్కడ 30 డిగ్రీల దగ్గర ట్యాంకులో 2 ఉంచితే ఆ తేడా 5.1, అదే 3 ఉంచితే 4.1. సెన్సరు మీద జిగురు పేరుకుని అసలు 3 ఉన్నదాన్ని 2 అని చూపితే, అదే బురదను పోషించడానికి స్థూలంగా నాలుగో వంతు గాలి అదనంగా ఊదుతున్నట్టు. సముద్రమట్టంలో ఉన్న ఊళ్లలో కంటే మనకు ఈ దండుగ కొంచెం ఎక్కువే, ఎందుకంటే మన సంతృప్త విలువే తక్కువ. మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ (చురుకైన బురద) ట్యాంకుకు 1 నుంచి 2, అమ్మోనియాను నైట్రేటుగా మార్చే పని కూడా ఉంటే సుమారు 2 సరిపోతుంది. ఎంబీబీఆర్ ట్యాంకులో, నీటిలో తేలే చిన్న ప్లాస్టిక్ చక్రాల మీద పెరిగిన సూక్ష్మజీవుల పొరలోకి ఆక్సిజన్ దిగాలి కాబట్టి 3 లేదా అంతకంటే ఎక్కువ కావాలి.

కడగడం, లోపాలు

జిగురు పొరలోని సూక్ష్మజీవులు మెంబ్రేన్ గుమ్మం దగ్గరే ఆక్సిజన్‌ను తినేస్తాయి, అందుకే మురికి సెన్సరు దాదాపు ఎప్పుడూ తక్కువే చూపుతుంది. హోటళ్ల మురుగు కలిసే ప్లాంటులో నూనె, గ్రీజు కూడా తోడవుతాయి. వారానికి ఒకసారి, అవసరమైతే రెండుసార్లు, పైకి లాగి చుట్టుకున్న జుట్టు, గుడ్డపీలికలు తీసి, తక్కువ ఒత్తిడి నీటితో కడిగి, మెత్తని తడి గుడ్డతో పొరను తుడవాలి. హైప్రెషర్ పైపు, బ్రష్, గోరు వాడకూడదు.

కడగకముందు ఒక అంకె, కడిగి తిరిగి దించాక ఒక అంకె రాసుకోవాలి. ఆ తేడా 0.3 దాటుతున్న ప్లాంటులో కడిగే వ్యవధిని తగ్గించాలి. స్పందన మందగిస్తే, అంటే గాలిలోకి తీసిన సెన్సరు అంకె ఒకటి రెండు నిమిషాలలో పైకి రాకపోతే, పొర మురికిదో ద్రావణం అయిపోయిందో అనుకోవాలి. అంకె ఎగుడుదిగుడుగా ఆడుతుంటే ముందు లోపలి బుడగను, తరువాత కేబుల్ కనెక్టరులో చేరిన తడిని అనుమానించాలి. వానాకాలంలో రెండవదే ఎక్కువ. సున్నా పరీక్షలో కిందికి దిగకపోతే మెంబ్రేన్. కాలిబ్రేషన్‌లో స్లోప్ అందకపోతే నల్లబడిన యానోడ్‌ను చూసి, తయారీదారు చెప్పిన పద్ధతిలో శుభ్రం చేయాలి. అయినా రాకపోతే సెన్సరు కాలం తీరినట్టే.

లాగ్‌బుక్కులో ఆక్సిజన్ అంకె పక్కన నీటి ఉష్ణోగ్రత, కాలిబ్రేషన్ నాటి పీడనం, సున్నా పరీక్ష అంకె, కడగకముందు కడిగిన తరువాతి అంకెలు, క్యాపు మార్చిన తేదీ అని ఐదు గడులు గీయాలి. ఆ గడులు ఖాళీగా ఉన్న రోజు ఆక్సిజన్ అంకెను పెన్సిలుతో రాయమని నేను ఆపరేటర్లకు చెబుతాను. గడులు నిండాకే దానిమీద పెన్ను పెట్టాలి.